నలుగురాడు మాంత్రిక పేకాట: నాలుగు కట్టల బలాబలములు

ఇద్దరు తలపడినపుడు బలవంతుడు గెలుచుట సామాన్య ధర్మము. నలుగురు ఒకే బల్లచుట్టు కూర్చుండి ఎవరికి వారుగా పోరాడినపుడు ఈ ధర్మము చెడును. బలవంతుని చూచి తక్కినవారు ఒక్కటగుదురు. బలహీనుడు ఎవరి కంటను పడక కడదాక నిలుచును. ఒకడు చేసిన ఖర్చువలన మరి ఇద్దరు లాభపడుదురు. గణితములో క్రీడాసిద్ధాంతమను శాఖ ఈ చిక్కులనే విచారించుచున్నది. వీనికి దృష్టాంతములు కావలెనన్న యుద్ధములకో ఎన్నికలకో పోనక్కరలేదు. నేటి యువకులు మిక్కిలి ఇష్టముతో ఆడుచున్న ఒక పేకాట చాలును. పేకాట యనగానే పెద్దలు మొగము చిట్లింపవలదు. ఇందు డబ్బు పందెము లేదు. ముక్కలు కొనుటకు పెట్టు డబ్బు మాట వేరు. దానిని గూర్చి తల్లిదండ్రులనే అడుగవలెను.

‘మ్యాజిక్ - ది గ్యాదరింగ్’ అను ఈ ఆటను 1993లో అమెరికాలోని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ ప్రచురించినది. దీనిని కల్పించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితాధ్యాపకుడుగా పనిచేసినవాడు. సంయోజన గణితములో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందినవాడు. మన పేకలో 52 ముక్కలు అందరికిని ఉమ్మడి. ఇందట్లు కాదు. వేలకొలది ముక్కలు అచ్చయి యున్నవి. వానినుండి ఎవని కట్టను వాడే కూర్చుకొని వచ్చును. కాబట్టి ఆటలో సగము బల్లకడ కూర్చుండకమునుపే, కట్ట కూర్చునపుడే జరిగిపోవును. ముక్కలలో కొన్ని ‘భూములు’. వంతునకొక భూమిని దింపవచ్చును. ఆ భూములు ‘మానా’ అను మంత్రశక్తి నిచ్చును. ఆ శక్తిని వెచ్చించి జీవులను, మంత్రములను దింపవలెను. తెలుపు, నీలము, నలుపు, ఎఱుపు, ఆకుపచ్చ అని ముక్కలకు అయిదు రంగులు. ఇంతకుమించి నియమములు చెప్పబూనినచో ఈ సంచిక యంతయు చాలదు.

నలుగురు కూడి ఆడు పద్ధతికి ‘కమాండర్’ అని పేరు. 1990ల నడుమ అలాస్కాలో కొందరు మిత్రుల నడుమ పుట్టిన ఈ పద్ధతిని, వాయుసేనలో పనిచేసిన షెల్డన్ మెనరీ ప్రపంచమున వ్యాపింపజేసెను. ఆయన 2023లో గతించెను. ఇందు కట్టకు సరిగా 100 ముక్కలు. వానిలో ఒకటి సేనాని, తక్కినవి 99. సామాన్య భూములు తప్ప ఏ ముక్కయు రెండవసారి ఉండరాదు. ప్రతివానికి 40 ప్రాణాంకెలు. సేనాని కట్టలో కలియక ప్రక్కన వేరుగా ఉండును. మానా ఉన్నప్పుడెల్ల దింపవచ్చును. అది చచ్చిన మరల దింపవచ్చును గాని, దింపిన ప్రతిసారియు వెల రెండు మానాలు పెరుగును. ఒకే సేనాని పోరులో ఒకనికి 21 దెబ్బలు కొట్టినచో, ఎన్ని ప్రాణాంకెలు మిగిలియున్నను వాడు ఓడినట్లే.

2011 జూన్‌లో సంస్థవారు ఈ పద్ధతికై మొదటిసారిగా అయిదు సిద్ధకట్టలను పెట్టెలలో పెట్టి అమ్మిరి. వానిలో నాలుగింటిని ఒకే బల్లపై ఎదురెదురుగా పెట్టి వాని యుక్తులను విమర్శించుట ఈ వ్యాసోద్దేశము. ఎవరికి వారు కూర్చుకొనిన కట్టలలో ఏమున్నదో లోకమునకు తెలియదు. సిద్ధకట్టలో ఏమున్నదో అందరికిని తెలియును గనుక విమర్శకు నిలుచును. వీనిని మించిన కట్టలు ఆ తరువాత ఎన్నియో వచ్చినవి. కాని నలుగురాటలోని మౌలికమైన యుక్తులన్నియు, లోపములన్నియు ఈ తొలి పెట్టెలలోనే కన్పట్టుచున్నవి.

మొదట కొంచెము లెక్క. ఇద్దరాటలో ఒక్కొక్కనికి 20 ప్రాణాంకెలు. ‘లైట్నింగ్ బోల్ట్’ అను ప్రసిద్ధమైన పిడుగు ముక్క ఒక్క మానాకు 3 దెబ్బలు కొట్టును. ఇట్టి ముక్కలు 7 ఉన్నచో ఎదుటివాడు నేలబడును. నలుగురాటలో ఒక్కొక్కనికి 14 పిడుగులు కావలెను, ముగ్గురికి 42. అన్ని పిడుగులు చేతికి వచ్చుటయు అసంభవము, వచ్చినను వేయుటకు వ్యవధి చాలదు. కనుక ఇద్దరాటలో పేరుపొందిన ‘త్వరగా కొట్టి త్వరగా ముగించు’ యుక్తి నలుగురాటలో ఆకలితో చచ్చును. ఇది వేగమునకు వచ్చిన లోపము కాదు. దెబ్బ ఒక్కనికే తగులుటలోని లోపము. అదే 2011 వరుసలోని ‘హైడ్రా ఆమ్నివోర్’ అను అనేకశిరముల సర్పమును చూడుడు. ఆరు మానాల వెల, ఎనిమిది బలము. అది ఒకనిని కొట్టినచో అన్నియే దెబ్బలు తక్కిన ప్రతిపక్షులకును తగులును, ఎనిమిది ఇరువదినాలుగగును. ప్రతిపక్షుల సంఖ్యతో పాటు ఫలము పెరుగునా పెరుగదా అనునదే నలుగురాటలో ముక్కకు మొదటి పరీక్ష.

రెండవ లెక్క ఇంకను సూక్ష్మమైనది. నేనొక ముక్కను వెచ్చించి ఎదుటివాని ముక్క నొకదానిని నాశము చేసితి ననుకొందము. ఇద్దరాటలో ఒకటికి ఒకటి చెల్లు. నలుగురాటలో నేను ఒకటి, వాడు ఒకటి పోగొట్టుకొంటిమి. ఊరక చూచుచున్న ఇద్దరు ఏమియు పోగొట్టుకొనలేదు. అనగా మా జగడమువలన వారిద్దరును లాభపడిరి. ఇందుచేతనే అందరి జీవులను ఒక్కసారిగా తుడిచిపెట్టు ‘రాత్ ఆఫ్ గాడ్’ వంటి ముక్కలకు ఇక్కడ విలువ హెచ్చు. నాకొక జీవి ఉండగా తక్కినవారికి నాలుగు, మూడు, అయిదు ఉన్నచో, నా నాలుగు మానాల ముక్క ఒక్కటే ఎదుటివారివి పండ్రెండింటిని పడగొట్టును.

ఇక కట్టలకు వత్తము.

మొదటిది ‘హెవెన్లీ ఇన్ఫర్నో’. దీని సేనాని కాలియా. వెల నాలుగు మానాలు, బలము రెండే. కాని ఆకాశమున ఎగురును. కాలియా ఎవనిపైకి దండెత్తునో, వానిపై చేతిలోని దేవతనో దయ్యమునో డ్రాగన్‌నో ఒకదానిని వెల లేకుండ దింపవచ్చును. అది అప్పుడే దాడిలో పాల్గొనును. ఏడెనిమిది మానాల వెలగల మహాజీవి అయిదవ వంతుననే శత్రువుమీద పడునన్నమాట.

ఈ యుక్తి ఎంతవరకు నమ్మదగినది? 99 ముక్కలలో ఇట్టి మహాజీవులు 15 ఉన్నవనుకొందము. అయిదవ వంతునాటికి మనము చూచిన ముక్కలు 12. వానిలో ఒక్కటియు మహాజీవి కాకపోవు సంభావ్యత నూటికి 12 మాత్రమే. నూటికి 88 పాళ్ళు ఏదో ఒకటి చేతిలో ఉండును. ఇది చాల మంచి లెక్క. ముక్క ఒక్కటే ప్రతి యుండవలెనను నియమము ఈ ఆటను అనిశ్చితము చేయుటకు పెట్టినది; ఇద్దరాటలో 60 ముక్కల కట్టలో నాలుగు ప్రతులుంచుకొనిన ముక్క తొలి ఏడింటిలో వచ్చుట నూటికి 40 పాళ్ళు కాగా, ఇక్కడ ఒక్క ప్రతికి 7 పాళ్ళే. కాలియా కట్ట ఈ అనిశ్చితిని రెండు విధముల దాటినది: నిశ్చయముగా ఉండు సేనానిపై ఆధారపడినది, తక్కిన పనికి ఏ ఒక్క ముక్కనో కాక పదునైదింటిలో ఏదైనను చాలునన్నది. కూర్చినవారి తెలివి మెచ్చదగినది.

భూముల సంగతి అంత సుఖముగా లేదు. భూములు 37 అనుకొనిన, నాలుగవ వంతునాటికి చూచు 11 ముక్కలలో సగటున 4.1 వచ్చును. సగటు సరిపోయినదని సంతోషించువారు సగటుకును సంభావ్యతకును భేదమెఱుగనివారు. ఆ పదకొండింటిలో నాలుగుకంటె తక్కువ భూములుండుట నూటికి 35 పాళ్ళు. మూడాటలలో ఒకదానియందు, వేఱు ఆధారము లేనిచో, కాలియా నాలుగవ వంతున దిగనే దిగదు. తొలి చేయి నచ్చనిచో ఒకసారి నష్టము లేకుండ మార్చుకొనవచ్చునను నియమము కొంత ఉపశమనము, అంతే.

కాని కాలియాకు అసలు శత్రువు సంభావ్యత కాదు, కీర్తి. బల్లపై దానిని చూచిన మరుక్షణమే ముగ్గురికిని తెలియును రాబోవునదేమో. ఒక్క మానా ముక్కతో ఎవడైనను దానిని తొలగింపగలడు. నాలుగు మానాల సేనాని మరల దిగుటకు ఆరు, ఆ మీద ఎనిమిది. మూడు దింపులకు 18 మానాలు. వంతునకొక భూమి చొప్పున ఎనిమిదవ వంతుగాని మూడవసారి రాదు.

అయితే ఆ తొలగించు ముక్కను ఎవడు వెచ్చించును? ఇక్కడ ఆట రసవత్తరమగును. కాలియా పోయినచో లాభము ముగ్గురిది, ఖర్చు ఒక్కనిది. ప్రక్కవాడు చేయునులే యని ప్రతివాడును చేతులు ముడుచుకొని కూర్చుండును. 1985లో ఆండ్రియాస్ డీక్‌మన్ అను జర్మన్ సామాజికశాస్త్రజ్ఞుడు ఇట్టి సందిగ్ధమును గణితరూపమున పెట్టెను. ఖర్చు లాభములో నాలుగవ వంతనుకొందము. పూనుకొనదగినవారు ఇద్దరే ఉన్నచో, సమతౌల్యములో ఒక్కొక్కడు ఊరకుండు సంభావ్యత నాలుగింట ఒకటి; ఇద్దరును ఊరకుండుట పదునారింట ఒకటి. ముగ్గురున్నచో ఒక్కొక్కడు ఊరకుండుట రెండింట ఒకటి. ముగ్గురును ఊరకుండుట ఎనిమిదింట ఒకటి. రక్షకుల సంఖ్య పెరిగినకొలది రక్షణ తగ్గినది! వీధికుళాయి చెడిపోయినపుడు పదియిండ్లవారిలో ఒక్కడును ఫిర్యాదు చేయకుండుట ఎట్లో పాఠకులకు అనుభవమే.

ఆటలో మాత్రము ఒక భేదమున్నది. అందరును ఒకేసారి నిర్ణయింపరు. వంతులు వరుసగా వచ్చును. కనుక ముందువాడు తప్పుకొని భారమును తరువాతివానిపై త్రోయును. అది కట్టకడపట దాడికి గురియగువాని నెత్తిన పడును. కాలియాను నడుపువాడు ఈ సంగతి తెలిసినచో, బలవంతునిపైకి కాక, మానా అంతయు ఖర్చుచేసికొని వట్టిచేతులతో నున్నవానిపైకి మొదట దండెత్తును. అప్పుడు అడ్డుకొనగల ఇద్దరికి ప్రమాదము లేదు, ప్రమాదమున్నవానికి అడ్డుకొను శక్తి లేదు. ఇది క్రూరమైన యుక్తి. అట్లు మొదట పడిపోయినవాడు గంటసేపు తక్కినవారి ఆట చూచుచు కూర్చుండవలసినదే. గెలుపు లెక్కలో ఈ గంట కనబడదు. మిత్రుల నడుమ ఆడు ఆటలో ఇది చిన్న విషయము కాదు.

రెండవ పెట్టె ‘పొలిటికల్ పపెట్స్’. పేరులోనే రాజకీయమున్నది. సేనాని జెడ్రూ అను దయామూర్తి. మూడు మానాలు వెచ్చించి తన వస్తువు నొకదానిని ప్రతిపక్షికి దానము చేయవచ్చును. అట్లు ఎదుటివారి చేతిలోనున్న తన వస్తువులెన్నియో, తన వంతు మొదలైనపుడు అన్ని ముక్కలు తీసికొనును, అన్ని ప్రాణాంకెలు పొందును. దానము చేసినకొలది సంపద! ఈ కల్పనను చూచి మురియనివారుండరు. యుక్తి యేమనగా, ఇచ్చినవాడు ఎవరికిని శత్రువు కాడు. కొట్టుకొనువారు కొట్టుకొనుచుండగా తాను పెరుగును.

ఇట్టి నిరపాయజీవికి గణితములో ఒక ఆధారము లేకపోలేదు. 1965లో ఫ్రెడరిక్ మోస్టెలర్ తన సంభావ్యతా సమస్యల పుస్తకములో ముగ్గురి ద్వంద్వయుద్ధ మొకటి చేర్చెను. ద్వంద్వమనగా ఇద్దరిదే గదా, ముగ్గురిదైన త్రికయుద్ధ మనవలెను కాబోలు. మొదటివాని గురి పదింట మూడు. రెండవవానిది ఎన్నడును తప్పదు. మూడవవానిది రెండింట ఒకటి. ఈ వరుసనే వంతులవారీగా కాల్చుకొందురు. బలహీనుడైన మొదటివాడు ఎవనిని కాల్చవలెను? గురి తప్పనివానిని కాల్చినచో అతడు బ్రతికి బయటపడు సంభావ్యత నూటికి 27.9. ఎవనిని కాల్చక గాలిలోనికి కాల్చినచో నూటికి 30. ఎందుకనగా రెండవవాడు తనకు ఎక్కువ ప్రమాదకారియైన మూడవవానిని కూల్చును. అప్పుడు మొదటివానికి తొలిదెబ్బ అవకాశము చిక్కును. మధ్యరకపు బలము గలవాని గతి ఇందు శూన్యము. ఊరకుండుట ఉత్తమ యుక్తి యగుట గణితసిద్ధమే.

జెడ్రూను మెచ్చుకొనువారు ఇక్కడ ఆగిపోవుదురు. వారు చూడవలసినది ఆ 30 ఎక్కడినుండి వచ్చినదనునది. బలహీనుని చేతిలో గురి పదింట మూడైనను ఉన్నది గనుక వచ్చినది. తుపాకిలో గుండే లేనిచో, ఎంత మౌనముగా నున్నను కడకు గురి తప్పనివాని ఎదుట నిలుచుటయే ఫలము. జెడ్రూ కట్ట లోపమిదియే. దానికి రెండు బలము, నాలుగు ఓర్పు. కడపట ఒంటరిగా మిగిలినవానిని దించు శక్తి దానియందు లేదు. పైగా దానము పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడై యుండవలెనను నియమ మెచ్చటను లేదు. ఇచ్చిన వస్తువుతోనే ఇచ్చినవానిని కొట్టవచ్చును. నోటిమాటగా చేసికొనిన ఒప్పందమునకు నిర్బంధము లేనపుడు దాని విలువ ఎంతయో క్రీడాసిద్ధాంతము తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లోపమునకు మందు అదే 2011 వరుసలో ఉన్నది. ‘వౌ’ అనగా ప్రతిజ్ఞ అను పేరుతో రంగునకొక ముక్క అచ్చువేసిరి. ‘వౌ ఆఫ్ డ్యూటీ’ అను తెల్లముక్కను ఎదుటివాని జీవిపై పెట్టినచో దాని బలము రెండు, ఓర్పు రెండు పెరుగును. కాని అది నన్ను కొట్టరాదు. మాట యిచ్చుటకును కాగితముమీద వ్రాయించుకొనుటకును గల భేద మిదియే. బలము నీకిచ్చితిని, అది ఇతరులపై వాడుకొనుము. నాపై వాడుట నియమమే ఒప్పదు. వరుస మొత్తమునకు నాకు మిక్కిలి నచ్చినవి ఈ చిన్న ముక్కలే. వెల మూడు మానాలు, పని సంధిపత్రముది.

ఇంకొక విచిత్రము. జెడ్రూ పెట్టెలోనే రూహాన్ అను రాక్షసుడున్నాడు. అతనిని సేనానిగా పెట్టుకొనవచ్చును. వెల అదే నాలుగు, బలము ఏడు. అతనితో చిక్కేమనగా, ప్రతి వంతున ప్రతిపక్షులలో ఒకనిని చీటీ వేసినట్లు ఎన్నుకొని వానిపైకే పోవలెను. ఇది దోషమని చాలమంది తలచిరి. నాకు గుణముగా తోచుచున్నది. ఎవనిని కొట్టవలెనో నేను ఎన్నుకొననపుడు నాపై పగ పట్టుటకు కారణము లేదు. సేనాని దెబ్బలు 21 చాలునుగదా. ఏడేసి చొప్పున మూడు దెబ్బలు. తొలి మూడు దాడులు ఒక్కనిపైనే పడుట తొమ్మిదింట ఒకటి. ఆరు దాడులవరకు ఎవనికిని రెండుకు మించి తగులకుండ జరుగవచ్చును. ఏడవది మాత్రము ఎవనికో ఒకనికి మూడవ దెబ్బ కాక తప్పదు: మూడు గూళ్ళలో ఏడు పావురములు చేరినచో ఒక గూటిలో మూడైనను ఉండవలెను. అడ్డుపడు జీవులు లేనపుడు గదా యని అందురు, నిజమే. రూహాన్ ముందు ఒక చిన్న మొక్కను అడ్డుపెట్టినను ఏడు దెబ్బలును దానికే పోవును. కాని అడ్డుపెట్టుటకు ఏదో ఒకటి వారు వెచ్చింపవలెనుగదా. జెడ్రూ ఎదుట అదియు అక్కరలేదు.

ఆ మొక్కలను పెంచునది మూడవ పెట్టె, ‘కౌంటర్‌పంచ్’. సేనాని ఘావే. అయిదు బలపు గుర్తులతో దిగును. ఒక మానా ఇచ్చి ఒక గుర్తు తీసినచో ఒక మొక్కజీవి పుట్టును; ఒక మానా ఇచ్చి ఒక జీవిని బలి యిచ్చినచో ఒక గుర్తు తిరిగి వచ్చును. గుర్తులు మొక్కలగును, మొక్కలు గుర్తులగును. ప్రతి మార్పునకు ఒక మానా రుసుము. భౌతికశాస్త్రము చదివినవారికి ఇది శక్తి రూపాంతరమును జ్ఞప్తికి తెచ్చును. రుసుము ఉన్నంతవరకు యంత్రము క్రమముగా నిలిచిపోవును. పెట్టెలోనున్న రూపములో ఘావే కట్ట మందముగా నడుచునదే. గట్టిది, ఓర్పుగలది, ఎవరిని తొందరపెట్టనిది.

రుసుమును ఎగగొట్టు మార్గము దొరకినపుడు కథ మారును. 2012లో ‘క్యాథర్స్ క్రూసేడ్’ అను ముక్క వచ్చినది. దాని మహిమచే నా పక్షమున జీవి యొకటి చేరినపుడెల్ల నా జీవులన్నిటికి ఒక్కొక్క గుర్తు వచ్చును. దీనికి ‘ఆష్నాడ్స్ ఆల్టర్’ అను పాత బలిపీఠము తోడుచేయుడు. ఒక జీవిని బలి యిచ్చిన రెండు మానాలు. ఇప్పుడు పద్దు వ్రాయుదము. ఒక మానా, ఒక గుర్తు ఖర్చు, మొక్క పుట్టినది. అది పుట్టుటచే ఘావేకు పోయిన గుర్తు తిరిగి వచ్చినది. మొక్కను బలి యిచ్చితిమి. రెండు మానాలు వచ్చినవి. చక్రము మొదటికి వచ్చుసరికి ఘావే ఎప్పటివలె ఉన్నాడు, చేతిలో ఒక మానా మిగిలినది. ఎన్నిమారులైన త్రిప్పవచ్చును! ప్రకృతిలో సాధ్యము కాని నిత్యచలన యంత్రము కాగితపు ముక్కలలో సాధ్యమైనది. ఈ ఆట నియమములు ఎంత విస్తృతములనగా, 2019లో చర్చిల్, బైడర్‌మన్, హెరిక్ అను మువ్వురు వీనితో ట్యూరింగ్ యంత్రమునే నిర్మింపవచ్చునని చూపిరి. ఇకమీదటి ఎత్తులన్నియు నిర్బంధములైనను, గెలుపెవరిదో ముందుగా లెక్కగట్టగల సర్వసామాన్య పద్ధతి ఉండజాలదని దీని ఫలితార్థము.

అనంతచక్రమునకు నలుగురాటలో ఉన్న ఆకర్షణ సులభముగా బోధపడును. ప్రతిపక్షులకు మొత్తము 120 ప్రాణాంకెలుండనీ, 1,200 ఉండనీ, అనంతమునకు లెక్కలేదు. ప్రతిపక్షుల సంఖ్య పెరిగినను పెరుగని ఖర్చు దీనిదొక్కటే. యుక్తిగా చూచిన ఇదియే అన్నిటికంటె బలమైనది. విమర్శకు నిలబెట్టినచో నాకు అయిష్టమైనది కూడ ఇదియే. ఇంతసేపు చెప్పుకొనిన సందిగ్ధములు, సంధులు, వంతుల వరుస, ఎవడు ఖర్చుపెట్టునను ప్రశ్న, అన్నియు ఆ క్షణమున సున్న యగుచున్నవి. నలుగురాట ఒక్కని ఒంటరియాటగా మారును. అయితే ఘావే విషయమున ఒక న్యాయము మిగిలియున్నది. కొత్తగా పుట్టిన మొక్కలు ఆ వంతుననే దాడి చేయజాలవు. లెక్కలేనన్ని మొక్కలు ఒక చుట్టు ఎదురుచూడవలెను. ఆ లోపల ముగ్గురిలో ఎవని చేతిలోనైన ‘రాత్ ఆఫ్ గాడ్’ ఉన్నచో అనంతము నాలుగు మానాలతో నేలమట్టమగును. ఘావే తానే మునుపటి వంతునుండి నిలిచియున్నచో మాత్రము ఈ ఊరట లేదు.

నాలుగవది ‘డివోర్ ఫర్ పవర్’. సేనాని మిమియోప్లాజమ్ అను బంక పదార్థము. అయిదు మానాలు. దిగునపుడు శ్మశానములనుండి రెండు జీవుల ముక్కలను వెలివేసి, ఒకదాని రూపమును, రెండవదాని బలమును తెచ్చుకొనును. ఇందలి కీలకము ‘శ్మశానములు’ అను బహువచనమున నున్నది. నా శ్మశానమే కాదు, అందరివియు. ఇద్దరాటలో ముడిసరుకు రెండు కుప్పలు, ఇక్కడ నాలుగు. కాలియా దింపిన మహాజీవిని ఎవడో చంపినచో అది దీనికి వస్త్రమగును. హైడ్రా ఎవని శ్మశానమున నున్నను చాలును. ఇతరుల జగడమే దీనికి పంట. ఒకటికి ఒకటి చెల్లువేసికొనువారి నష్టమును ఊరక చూచువాడు లాభముగా మార్చుకొనునని పైన చెప్పితిమి. ఆ సూత్రమునకు ఇంతకంటె చక్కని రూపము ఆ యేటి పెట్టెలలో లేదు. సేనాని గనుక 21 దెబ్బల నియమమును దీనికి అనుకూలము; మంచి శవములు రెండు దొరకినచో రెండు దాడులలో ఒకడు పడును. మొదటి వంతులలో చేయునదేమియు లేక మందకొడిగా నుండుట దీని దోషమనిరి. త్రికయుద్ధపు లెక్క తెలిసినవాడు దీనిని దోషమనడు. నా తూకములో నలుగురాటకు తగిన కట్ట ఇదియే, రెండవది ఘావే, మూడవది కాలియా, జెడ్రూ కడపటిది.

ఇన్ని భిన్నరుచుల కట్టలను కూర్చినవారు అన్నిటిలోను ‘సోల్ రింగ్’ అను ఉంగరమును ఎందుకు పెట్టిరో తెలియదు. ఒక మానాకు దిగి, వంతువంతునకు రెండు మానాలిచ్చు వస్తువది. తొలి ఏడు ముక్కలలో అది వచ్చుట ఒక్కనికి నూటికి 7 పాళ్ళు. నలుగురిలో ఎవనికో ఒకనికి వచ్చుట 25 పాళ్ళు. అనగా నాలుగాటలలో ఒకదానియందు ఒకడు తన తెలివితో నిమిత్తము లేకుండ రెండు వంతులు ముందునుండి పరుగు మొదలుపెట్టును. కాలియా చేతిలో అది పడినచో మూడవ వంతున, ఒక్కొక్కప్పుడు రెండవ వంతుననే మొగము చూపును. ఎదుటివారు ముగ్గురున్నారు గదా, వారే చూచుకొందురని సమాధానము చెప్పుదురు. ముగ్గురున్నప్పుడు ఎవడును చూచుకొనడని పైన లెక్కగట్టితిమి.

ఈ వేగపు ముక్కల తగవు చిన్నది కాదు. 2024 సెప్టెంబరులో, అప్పటి నియమసంఘమువారు వెల లేకుండ దిగు ‘మానా క్రిప్ట్’, ‘జ్యువెల్డ్ లోటస్’ అనువానిని, మరి రెండింటిని నిషేధించిరి. ఖరీదైన ముక్కలు ఒక్కరోజులో ఆటకు పనికిరానివైనవని కొందరు మండిపడిరి. సంఘసభ్యులను బెదిరించువరకు పోయిరి. ఆ నెలాఖరుననే సంఘము తన అధికారమును విజర్డ్స్ సంస్థకు అప్పగించినది. మిత్రుల ఇండ్లలో పుట్టిన ఆట పాలన ఇట్లు ముక్కలమ్ము సంస్థ చేతికి పోయినది. అమ్మువాడే తూకము వేయుట మంచిదా కాదా యని అంగడికి పోవువారందరికి తెలిసినదే.

సంస్థవారు 2025 ఫిబ్రవరిలో కట్టలను ప్రయోగాత్మకముగా అయిదు తరగతులుగా విభజించిరి. సామాన్యమైన సిద్ధకట్టను అప్పుడు రెండవ తరగతిగా లెక్కించిరి. ఒకే తరగతి కట్టలు కూడి ఆడినచో పోరు సమముగా ఉండునని ఆశ. ఖనిజముల కాఠిన్యమును 1 నుండి 10 వరకు లెక్కించు మోస్ కొలమానము పాఠకులకు తెలియును. ఏది దేనిని గీయునో చెప్పుటకే అది చాలును. అంకెల నడుమ దూరము లేవియు సమానములు కావు. అయినను దానికొక సుగుణమున్నది: వజ్రము కురువిందమును గీసి, కురువిందము గాజును గీసినచో, వజ్రము గాజును గీయక మానదు. కట్టల బలమునకు ఈ వరుసయు లేదు. ఒంటరిగా కాలియా జెడ్రూను నలిపివేయును. మిమియోప్లాజమ్ ఉన్న బల్లపై కాలియా దింపిన ప్రతి మహాజీవియు రేపటి శత్రువునకు ఆహారమే. బలము కట్టలో లేదు, కట్టల నడుమ ఉన్నది. దానిపై ఒక అంకె ముద్రవేయుట, గాలిలో తేమ యెంతయో చూడక వట్టి ఉష్ణోగ్రత చెప్పి ఉక్కపోతను అంచనా వేయుమన్నట్లుండును.

పెట్టెపై ముద్రింపదగిన సంగతులు వేరే యున్నవి. ఏ వంతునుండి దీనికి భయపడవలెను? దీని దెబ్బ ఒక్కనికా, అందరికా? ఎన్ని ముక్కలు కలిసిన ఆట అక్కడికక్కడే ముగియును? ఈ మూడు తెలిసినచో బల్లకడ కూర్చుండువారు తమ లెక్క తాము వేసికొందురు. కాలియా పెట్టెపై ‘నాలుగవ వంతు, ఒక్కనికి’ అని వ్రాయవచ్చును. ఘావేపై ‘మూడు ముక్కలు’ అని, మిమియోప్లాజమ్‌పై ‘మీ శవములను బట్టి’ అని. జెడ్రూ పెట్టెపై ఏమి వ్రాయవలెనో నాకు తోచలేదు. సేనానిని మార్చి రూహాన్‌ను పెట్టినచో మాత్రము ‘ఏడు దాడులు, ఎవరికో తెలియదు’ అని వ్రాయవచ్చును.